మోడు కాదు... నిద్రపోతోంది!

గుంటూరు మిరప మంచుకు తట్టుకోలేదు. న్యూజెర్సీలో మంచు పడక మానదు. ఆ రెండింటి మధ్యా నాలుగు మిరప మొక్కల్ని బతికించుకోవడానికి ఓ తెలుగింట్లో రెండు చలికాలాలపాటు పడిన పాట్లు ఇవి.

అమెరికాలో చుట్టాలింటికి వెళ్తే ముందుగా ఏం చూపిస్తారు? కొత్తగా కొన్న కారో, పెరట్లో వేయించిన చెక్క అరుగో, పిల్లలు గెలుచుకొచ్చిన కప్పులో చూపిస్తారు. మా అక్క మాత్రం నన్ను కోటు కూడా పూర్తిగా విప్పనివ్వకుండా నేలమాళిగలోకి తీసుకెళ్లింది. అక్కడ దాన్ని బేస్‌మెంట్ అంటారు. మెట్లు దిగి లైటు వేసింది. వాషింగ్ మిషను, పాత సూట్‌కేసులు, బావ ముచ్చటపడి కొని నెల తిరక్కుండానే వదిలేసిన నడక యంత్రం. వాటి పక్కన గోడవారగా వరసగా ఐదు ప్లాస్టిక్ కుండీలు. ఒక్కో కుండీలో జానెడు పుల్ల. ఆకు లేదు, చిగురు లేదు. దీపావళికి కాల్చి పారేసిన కాకరపువ్వొత్తుల్లా ఉన్నాయి.

''ఏంటక్కా ఇవి?''

''మిరప మొక్కలు.''

''ఎప్పుడు ఎండిపోయాయి?''

''నోర్ముయ్. ఎండిపోవడమేంటి, నిద్రపోతున్నాయి. అన్నట్టు, అమ్మతో మాట్లాడేటప్పుడు వీటి సంగతి ఎత్తకు. ఎత్తావంటే నీకు ఈ ఇంట్లో అన్నం ఉండదు!''

అమెరికా వచ్చి గంట కూడా కాలేదు. అప్పుడే ఓ రహస్యం నా నెత్తిన పడింది. అదేంటో తెలియాలంటే ముందు ఆ ఊరి గురించి కాస్త చెప్పాలి.

బల్బు పుట్టిన ఊరు

అది 2024 జనవరి. సంక్రాంతి వెళ్లిన వారం. నేను దిగిన ఊరు ఎడిసన్. న్యూయార్క్ నుంచి రైలెక్కితే గంటలోపే మెట్రోపార్క్ స్టేషన్ వస్తుంది. అక్కడ దిగితే ఎవరో ఒకరు కారు తెచ్చి ఎక్కించుకోవాల్సిందే. బావ వచ్చారు. కారు అద్దం కింద 18 అని అంకె కనిపిస్తోంది. 'పద్దెనిమిదేగా, మా హైదరాబాద్‌లోనూ అంతే' అనుకుని ధీమాగా కోటు గుండీలు పెట్టుకోలేదు. తలుపు తీసి దిగాక తెలిసింది, అది ఫారెన్‌హీట్ లెక్కని. మన లెక్కలో మైనస్ ఎనిమిది! ముక్కు ఉందో లేదో చేత్తో తడిమి చూసుకోవాల్సి వచ్చింది.

పేరును బట్టి మీకు అర్థమయ్యే ఉంటుంది. ఈ ఊరికి ఆ పేరు పెట్టింది బల్బు కనిపెట్టిన థామస్ ఎడిసన్ జ్ఞాపకంగానే. ఆయన ప్రయోగశాల ఉన్న మెన్లో పార్క్ ఈ ఊళ్లోనిదే. 1879లో గంటల తరబడి ఆరిపోకుండా వెలిగిన బల్బు తయారైంది ఇక్కడే. ఊరి పేరు మాత్రం 1954 వరకూ రారిటన్ టౌన్‌షిప్. ప్రయోగశాల ఉన్నచోట 1938లో ఓ స్మారక గోపురం వెలిసింది. గుడి గోపురం మీద కలశం ఉన్నట్టు దాని మీద పెద్ద గాజు బల్బు ఉంటుంది.

ఇప్పుడు ఆ ఊళ్లో ఎడిసన్ కన్నా మనవాళ్ల పేర్లే ఎక్కువగా వినిపిస్తాయి. ఓక్ ట్రీ రోడ్డు మీద నడుస్తుంటే చీరల కొట్లు, బంగారం కొట్లు, మిఠాయి దుకాణాలు, దోసెల హోటళ్లు. కిరాణా కొట్లోకి వెళ్తే గోంగూర, దొండకాయ, ములక్కాడ... ఒకటేమిటి, అన్నీ ఉన్నాయి. పచ్చిమిర్చయితే గుట్టగా పోసి ఉంది. నాకు అనుమానం వచ్చింది.

''ఇక్కడ ఇన్ని మిరపకాయలు దొరుకుతుంటే బేస్‌మెంట్‌లో ఆ పుల్లలెందుకు?''

అక్క నవ్వలేదు. ''పచ్చిమిర్చి దొరుకుతుంది. ఎండుమిర్చి దొరుకుతుంది. పండుమిర్చి తీసుకురా చూద్దాం'' అంది.

నిజమే! సన్నటి మన రకం కాయ, చెట్టు మీదే ఎర్రగా పండి, ఇంకా కండ ఎండకుండా ఉన్న పండుమిరప ఆ కొట్లో లేదు. అది లేకపోతే కొరివికారం లేదు. కొరివికారం లేని సంక్రాంతి నెల మా గుంటూరువాళ్లకు నెల కిందే లెక్క కాదు.

'చేను బాగానే ఉంది'

మా ఊరు గుంటూరు జిల్లా ప్రత్తిపాడు దగ్గర. నల్లరేగడి నేల. ఆగస్టు, సెప్టెంబరుల్లో మిరప నారు నాటితే సంక్రాంతి నాటికి చేలు ఎర్రబడతాయి. మార్చి దాకా కోతలే. అంటే మిరపకు మన దగ్గర చలికాలమే అసలు కాలం. ధనుర్మాసంలో తెల్లారేసరికి ఆకుల మీద మంచు కూర్చుంటుంది. అది మరీ ఎక్కువైతే తెగుళ్లొస్తాయని రైతు గుండె పీచుపీచుమంటుంది. పొద్దెక్కితే ఆ మంచు ఆరిపోతుంది. మళ్లీ పూత, మళ్లీ కాత.

2021 చలికాలంలో మాత్రం అలా జరగలేదు. ఆ ఏడు నల్ల తామరపురుగు వచ్చింది. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఈ పురుగు ఆకును వదిలి పూలలో దూరుతుంది. కంటికి కనీకనిపించనంత చిన్నది. ఒక్కో పువ్వులో గుంపులు గుంపులుగా చేరి రసం పీల్చేసరికి పూత రాలిపోయింది. పూత లేకపోతే కాయేది? గుంటూరు, ప్రకాశం నుంచి ఖమ్మం, వరంగల్ దాకా రైతులు ఏ మందు దొరికితే ఆ మందు కొట్టారు. ఫలితం లేక చాలామంది తోటలు పీకేశారు.

అదే డిసెంబరులో మా పాప పుట్టింది. అమ్మ మా దగ్గర హైదరాబాద్‌లో ఉంది. నాన్న ఒక్కడే ఊళ్లో ఉన్నాడు. రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. ''చేను ఎట్లా ఉంది?'' అని అమ్మ అడిగేది. ''బాగానే ఉంది. నువ్వు పసిదాన్ని చూసుకో'' అనేవాడు. రోజూ అదే మాట. జనవరిలో అమ్మ ఊరెళ్లేసరికి రెండెకరాల మిరప చేను దున్నేసి ఉంది. గట్టు మీద పీకేసిన మొక్కలు కుప్పగా పడున్నాయి. అమ్మ నాన్నను ఒక్క మాట కూడా అనలేదట. ఆ ఏడు మా ఇంట్లో కొరివికారం పెట్టలేదు.

ఆ మే నెలలోనే అమ్మ అక్క దగ్గరికి అమెరికా వెళ్లింది. గేదెల్ని చూసేవాళ్లు లేరని నాన్న ఉండిపోయాడు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లను అక్కడ సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషికి ఆరు నెలలంటే మాటలా? వెళ్లిన మూడోరోజే వంటింట్లో ఎండుమిర్చి పొట్లం విప్పి, గింజలు దులిపి, పెరట్లో ఆరు బకెట్లు వరసగా పెట్టేసింది. (మన దగ్గర్నుంచి గింజలుగానీ మొక్కలుగానీ తీసుకెళ్లాలంటే ధ్రువపత్రాలు ఉండాలి, విమానాశ్రయంలో చెప్పి చూపించాలి. లేదంటే తీసి పారేస్తారు. అందుకే అక్కడ కొట్లో కొన్న పొట్లమే దిక్కైంది.) పొట్లంలోని గింజలు అన్నీ మొలవవు. గుప్పెడు వేస్తే బకెట్‌కొకటి చొప్పున మిగిలాయి.

మంచు అంటే ఏ మంచు?

మే నెలలో వేసిన గింజ ఆగస్టుకు పూత పట్టింది. సెప్టెంబరుకు కాయలు వేలాడాయి. అన్నీ పచ్చివే. పూత కాయయి, ఆ కాయ పండడానికి నెలన్నర పైనే పడుతుంది. అమ్మ రోజూ పొద్దున్నే వెళ్లి చూసేది. ఒక్కో కాయా ఎరుపు తిరుగుతోంది. ఇంకో రెండు వారాలు ఆగితే జాడీకి సరిపడా వస్తాయి. అప్పటికి అక్టోబరు సగం దాటింది.

ఓ రాత్రి మంచు పడుతుందని టీవీలో చెప్పారు. అమ్మ తేలిగ్గా తీసుకుంది. 'మంచేగా, మార్గశిరంలో మనకు పడదా?' అంది. అక్క బలవంతం మీద నాలుగు బకెట్లు లోపలికి చేర్చారు. కంచె పక్కనున్న రెండూ అలాగే ఉండిపోయాయి. తెల్లారి చూస్తే ఆ రెండింటి ఆకులు ఉడకబెట్టిన తోటకూరలా నల్లగా వేలాడిపోయాయి. ముట్టుకుంటే చేతికి అంటుకున్నాయి.

తెలుగులో రెండింటినీ మంచనే అంటాం. తేడా మాత్రం చావుబతుకులంత! మన మంచు ఆకును తడుపుతుంది. వాళ్ల మంచు ఆకులోపలి నీటినే గడ్డ కట్టిస్తుంది. గడ్డకట్టిన నీరు ఆకులోని కణాలను చీల్చేస్తుంది. ఎండ రాగానే ఆ చీలిన కణాల్లోంచి నీరంతా కారిపోతుంది. ఇంక ఆ మొక్కను బ్రహ్మదేవుడు కూడా నిలబెట్టలేడు. మిరపకు సున్నా డిగ్రీల దాకా కూడా వెళ్లనక్కర్లేదు. పది, పన్నెండు దగ్గరే ఎదుగుదల ఆగిపోతుంది.

చేతికొచ్చిన పండుమిర్చి ఇరవై పైచిలుకు కాయలు. అమ్మ వాటితోనే కాఫీ కప్పుడు పచ్చడి చేసింది. నవంబరు మొదటి వారంలో విమానం ఎక్కేటప్పుడు అక్కకు ఒక్కటే మాట చెప్పింది. ''ఆ నాలుగూ జాగ్రత్తే. ఈసారి నేనొచ్చేసరికి చెట్లయి ఉండాలి.''

ఎక్కువైన ప్రేమ, తక్కువైన వెచ్చదనం

అక్క రెండు మొక్కల్ని హాల్లో కిటికీ దగ్గర పెట్టింది. మిగతా రెండింటికీ ఇంట్లో చోటు లేక గరాజ్‌లో పెట్టింది.

కిటికీ దగ్గరవాటికి రాజభోగం. రోజూ పొద్దున నీళ్లు. పక్కనే హీటర్ గాలి. వారం వారం ఎరువు. అమ్మ అప్పగించిన మొక్కలు కదా! మూడు వారాలకు ఆకుల అడుగున పచ్చటి చుక్కలు కనిపించాయి. అది పేనుబంక. పెరట్లో ఉన్నప్పుడు అక్షింతల పురుగులు దాన్ని తినేస్తాయి. ఇంట్లో వాటిని తినేవాళ్లెవరు? వెచ్చటి గదిలో అది రెట్టింపై మళ్లీ రెట్టింపై ఆకులన్నీ బంకబంకగా చేసింది. పైగా రోజూ నీళ్లు పోస్తే వేరు కుళ్లింది. డిసెంబరులో ఎడిసన్‌లో పగలు తొమ్మిదింబావు గంటలే. అదే సమయంలో గుంటూరులో పదకొండు గంటలు దాటుతుంది. కిటికీలోంచి వచ్చే ఆ కాస్త వెలుగు ఎదిగే మొక్కకు ఏ మూలకు? తిండి పెట్టి ఆకలి చంపినట్టయింది.

గరాజ్‌లోవి కొంచెం నయంగానే ఉన్నాయి. కానీ 2022 క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు అమెరికా సగానికి పైగా గడ్డకట్టేంత చలిగాలి వచ్చింది. న్యూజెర్సీలో ఒక్క పగటిలోనే ఉష్ణోగ్రత ధన్‌మని కిందికి పడింది. గరాజ్‌లో బకెట్లోని మట్టి రాయైంది. కొత్త సంవత్సరం వచ్చేసరికి నాలుగు మొక్కలూ లేవు.

అమ్మ ఫోన్ చేసి అడిగింది. ''మొక్కలు ఎట్లా ఉన్నాయే?''

''బాగానే ఉన్నాయమ్మా'' అంది అక్క.

ఒకసారి అన్నాక మళ్లీ మళ్లీ అనక తప్పలేదు. అదీ ఆ రహస్యం!

అత్తిచెట్టుకు గోనెసంచి

అక్క ఊరుకోలేదు. 2023 మార్చిలోనే ఇంట్లో గింజలు మొలకెత్తించి, మేలో బయట నాటింది. ఈసారి ఐదు మొక్కలు బాగా వచ్చాయి. అక్టోబరు దగ్గరపడుతుంటే మళ్లీ గుబులు. అప్పుడు ఆదుకున్నది పక్కింటి పెద్దాయన. ఇటాలియన్ మూలాలున్న కుటుంబం. ఎనభై ఏళ్లు ఉంటాయి.

ఆయన పెరట్లో ఓ అత్తిచెట్టు ఉంది. మనం అంజూర అంటామే, అది. వాళ్ల నాన్న దక్షిణ ఇటలీ నుంచి వచ్చాక నాటిన చెట్టు తాలూకు కొమ్మ నుంచి పెంచిందట. అత్తికి న్యూజెర్సీ చలి పడదు. అందుకని ఏటా ఆకు రాలగానే కొమ్మల్ని తాళ్లతో కట్టి, చుట్టూ గోనెపట్టా చుట్టి, పైన బకెట్ బోర్లిస్తారు. కొందరైతే చెట్టును పక్కకు వంచి, కందకంలో పడుకోబెట్టి మట్టి కప్పేస్తారు. ఇటలీ నుంచి వచ్చి అమెరికా ఈశాన్య ప్రాంతంలో స్థిరపడ్డవాళ్ల పెరళ్లలో తరతరాలుగా ఉన్న అలవాటిది. నేను వెళ్లినప్పుడు ఆ చెట్టు మంచులో గోనె కప్పుకుని, నెత్తిన బకెట్ పెట్టుకుని నిలబడి ఉంది. దూరం నుంచి చూసి ఎవరో మనిషి అనుకుని చెయ్యి ఊపబోయాను!

అక్క తన నాలుగు మొక్కల కథ చెబితే ఆయన నవ్వారట. ''నువ్వు వాటిని పెంచాలని చూశావు. చలికాలంలో పెంచకూడదమ్మా. చావకుండా చూసుకోవాలి, అంతే'' అన్నారట.

ఆ ఒక్క మాటలోనే కిటుకంతా ఉంది.

మిరప ఏడాది మొక్క కాదు!

మనం మిరపను ఏడాది పంట అనుకుంటాం. దాని శాస్త్రీయనామం క్యాప్సికమ్ యాన్యుమ్. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ పెట్టిన పేరు. 'యాన్యుమ్' అంటే లాటిన్‌లో ఏటి మొక్క అని అర్థం. చలిదేశపు తోటలో మిరప ఏడాదికి మించి బతకదు కాబట్టి ఆ పేరు సరిపోయింది. నిజానికి మిరప పుట్టిల్లు మంచెరగని అమెరికా ఉష్ణప్రాంతాలు. గడ్డకట్టే చలి తగలకపోతే అది కొన్నేళ్లు బతికే పొద. మన పెరట్లో బావి దగ్గర నాటిన మిరప చెట్టు రెండో ఏడూ కాయడం చాలామంది చూసే ఉంటారు. చేలో మాత్రం కోతలయ్యాక మనమే పీకేస్తాం. అక్కడ చలి పీకేస్తుంది. తేడా అంతే.

బతికించాలంటే దాన్ని నిద్రపుచ్చాలి. పెద్దాయన చెప్పినట్టే అక్క అక్టోబరు మొదట్లో, రాత్రిపూట చలి పది డిగ్రీలకు దిగకముందే పని మొదలెట్టింది. కాయలన్నీ కోసేసింది. కత్తెరతో కొమ్మల్ని కత్తిరించి, మొదలు దగ్గర జానెడు మేర 'వై' ఆకారంలో కణుపులు మాత్రం మిగిల్చింది. మొక్కను మట్టితో సహా పెకలించి, వేళ్లు కడిగి, చివర్లు కాస్త కత్తిరించి, కొత్త మట్టితో చిన్న కుండీలోకి మార్చింది. పాత మట్టితోనే పురుగులూ వాటి గుడ్లూ లోపలికి వస్తాయి కాబట్టి అది ముఖ్యం. సబ్బునీళ్లతో మొదలంతా తుడిచింది. ఆ తర్వాత బేస్‌మెంట్‌లో ఫర్నేస్‌కు దూరంగా, పదమూడు డిగ్రీలకు అటూ ఇటూ ఉండే మూల చూసి పెట్టింది. నీళ్లు మూడు నాలుగు వారాలకోసారి, అరగ్లాసు. ఎరువు లేదు. ఆకులు రాలిపోయినా కంగారు పడలేదు.

''ఏమీ చేయకుండా ఉండటం ఎంత కష్టమో తెలుసా?'' అంది అక్క. ''మొదట్లో రోజూ నీళ్ల చెంబుతో మెట్లు దిగేదాన్ని. మీ బావ మెట్ల దగ్గర అడ్డంగా కూర్చునేవారు!''

గోటితో గీరితే

నేను తిరుగు ప్రయాణమయ్యే ముందురోజు అక్క మళ్లీ కిందికి తీసుకెళ్లింది. అప్పటికి మొక్కలు నిద్రలోకి వెళ్లి మూడు నెలలు. ''గీరి చూడు'' అంది. బతికుందో లేదో తెలుసుకోవడానికి అదే పరీక్ష. మొదలు మీద బెరడును గోటితో కాస్త గీరాలి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. గోధుమరంగులో పొడిగా ఉంటే లేనట్టు.

మొదటిది గీరాను. గోధుమరంగు. ఇంకాస్త కిందికి గీరాను. అదే రంగు. అక్క ఏమీ మాట్లాడలేదు. రెండోది గీరాను. పల్చగా, పెసరగింజ పొట్టు రంగులో ఓ గీత కనిపించింది. పచ్చదనం! బయట నిలువెత్తున చీకటి, మంచు, ఆకులేని చెట్లు. నా గోటి కింద మాత్రం పచ్చగా, తడిగా ఒక గీత. మూడోదీ పచ్చనే. నాలుగోది పోయింది. ఐదోది బతికింది.

''ఐదింట మూడు'' అంది అక్క. ''మేలో అమ్మ వస్తోంది. మోకాళ్లు బాగాలేవు. ఇంత దూరం ఇంకోసారి వస్తుందో రాదో! ఈసారైనా అక్టోబరులోపు పండాలి.''

అందుకా ఈ తపన! విత్తనం నుంచి మొదలుపెడితే పండుమిర్చి చలి వచ్చేవేళకు గానీ రాదు. ముదిరిన మొదలు, స్థిరపడ్డ వేళ్లు ఉన్న మొక్క అయితే వేసవి మొదట్లోనే పూతకొస్తుంది. ఆ కొన్ని వారాల తేడా కోసమే చలికాలమంతా ఈ కాపలా.

ఎడిసన్ ఊళ్లో మరో బల్బు

మార్చి రెండోవారంలో అక్క కుండీల్ని పైకి తెచ్చింది. కొత్త మట్టి వేసి, గోరువెచ్చని నీళ్లు పోసి, రోజుకు పద్నాలుగు గంటలు ఎల్ఈడీ ట్యూబులైటు కింద పెట్టింది. బల్బు పుట్టిన ఊళ్లో సూర్యుడి బదులు బల్బే దిక్కయిందన్నమాట. పన్నెండో రోజున వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. ఎండుపుల్ల కణుపు దగ్గర ఆవగింజంత చిగురు. ఫొటో కింద ఒక్క ముక్క రాసింది: 'లేచింది.'

ఏప్రిల్ ఆఖరుకు పుల్ల పొదయింది. అలాగని వెంటనే బయట పెట్టేస్తే ఎండకు ఆకులు తెల్లబడి మాడిపోతాయి. మొదటిరోజు నీడలో గంట, మర్నాడు రెండు గంటలు... అలా పదిరోజులు అలవాటు చేయాలి. మే నడిమికి మూడు మొక్కలూ పెరట్లో పెద్ద తొట్టెల్లోకి చేరాయి. అమ్మ వచ్చేసరికి తెల్లటి పూత నవ్వుతోంది.

అమ్మ చెప్పులేసుకుని పెరట్లోకి వెళ్లింది. మొక్క మొదలు పట్టుకుని చూసింది. ఆకు తిప్పి అడుగున చూసింది. పువ్వును గోటితో విప్పి లోపలికి కూడా చూసిందట. నల్లటి పురుగేమైనా ఉందేమోనని. ''బాగున్నాయి'' అని ఒక్క మాట అని లోపలికి వచ్చేసింది. అక్క ఊపిరి పీల్చుకుంది.

జాడీ నిండింది

జులై ఆఖరుకు మొదటి కాయ పండింది. ఆగస్టు నడిమికి రెండు కోతల్లో ముప్పావు కిలో పండుమిర్చి వచ్చింది. కడిగి, గుడ్డతో తడి లేకుండా తుడిచి, తొడిమలు తీసి, ఉప్పు, చింతపండు వేసి తొక్కి జాడీకెత్తారు. మూడో రోజున మెంతిపిండి, వెల్లుల్లి కలిపి మళ్లీ నూరి తాలింపు పెట్టారు. ఇల్లంతా ఘాటు. పొగ అలారం మోగితే బావ తువ్వాలుతో విసురుతూ దాని కింద నిలబడ్డారట.

ఆరోజు వేడన్నంలో కొరివికారం కలుపుకుంటూ అక్క ఇక ఆగలేకపోయింది. ''అమ్మా, నీకో సంగతి చెప్పాలి. నువ్వు వేసినవి కావు ఇవి...''

''తెలుసులేవే'' అంది అమ్మ ముద్ద కలుపుతూనే. ''వచ్చినరోజే తెలిసింది. రెండేళ్ల మిరప మొదలు అంత సన్నగా ఉంటుందా? నలభై ఏళ్లు మిరప చేలో తిరిగినదాన్ని.''

''మరి అడగలేదేం?''

''అడిగితే ఏం చెబుతావు? ఆ ఏడు మీ నాన్నా ఇట్లాగే రోజూ 'బాగానే ఉంది' అన్నాడు. అడక్కుండానే ఎవరన్నా రోజూ బాగుందంటున్నారంటే అక్కడ ఏదో పోయిందనే అర్థం. అయినా పోయినవాటి లెక్క ఎందుకులే. మళ్లీ వేసి బతికించావు కదా, నెయ్యి వెయ్యి.''

ఈ ముక్క అక్క నాకు ఫోన్లో చెప్పింది. చెప్పేటప్పుడు గొంతు బొంగురుపోయింది. కొరివికారం ఘాటట!

ఆ అక్టోబరులో కత్తెర పట్టుకుని మొక్కల్ని మోడు చేసింది అమ్మే. మొదట్లో ''కాసే చెట్టును ఇట్లా నరుకుతారుటే!'' అని నొచ్చుకుంది. తర్వాత తనే కణుపులు లెక్కపెట్టి మరీ కోసిందట. నవంబరులో వచ్చేటప్పుడు సూట్‌కేసులో ఓ చిన్న సీసా తెచ్చింది. ఏళ్ల తరబడి గుంటూరు నుంచి అమెరికాకు పచ్చళ్లు మోసిన మనిషి మొదటిసారి అమెరికా నుంచి గుంటూరుకు కొరివికారం మోసుకొచ్చింది!

నాన్న అన్నంలో కలుపుకుని, రెండు ముద్దలు తిని, కాసేపు ఆలోచించాడు.

''ఉప్పు కాస్త తగ్గింది'' అన్నాడు.

సీసా మాత్రం వారానికే ఖాళీ అయింది.

మీరూ బతికించుకోవాలంటే...

చలిదేశాల్లో ఉన్నవాళ్లు రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీలకు పడిపోకముందే మొక్కను లోపలికి తేవాలి. ఆరోగ్యంగా ఉన్నవాటినే ఎంచుకోండి. ముడత, తెగులు ఉన్నవాటిని ఉంచి లాభం లేదు.

నిద్రపుచ్చే మొక్కకు పది నుంచి పదిహేను డిగ్రీల చలి చాలు. ఎక్కువ వెచ్చదనం ఇస్తే నిద్రలేచి, వెలుగు చాలక నీరసిస్తుంది. గరాజ్‌లో పెడితే గడ్డకట్టే రాత్రుల్లో ఇంట్లోకి తేవాలి.

చలికాలంలో ఇలాంటి మొక్కల్ని ఎక్కువగా చంపేవి అతిగా పోసే నీళ్లు. మట్టి పూర్తిగా ఆరాకే కొద్దిగా పోయాలి.

పేనుబంక, నల్లి కనిపిస్తే సబ్బునీళ్లతో కడగాలి, లేదా వేపనూనె పిచికారీ చేయాలి. వారం తర్వాత మళ్లీ చూడాలి.

ఆఖరి మంచు పోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు వెలుగులోకి, వెచ్చదనంలోకి తేవాలి. గీరితే పచ్చగా ఉండి కూడా చిగురు వేయకపోతే తొందరపడి పీకేయకండి. కొన్ని ఆలస్యంగా లేస్తాయి.

ఇక మన ఊళ్లో డాబా మీద మిరప పెంచేవాళ్లకు చలికాలం గురించి బెంగ అక్కర్లేదు. మన మొక్కకు అసలు గండం మే నెల ఎండ. ముప్పై అయిదు డిగ్రీలు దాటితే పూత నిలవదు. అప్పుడు కాస్త నీడపట్టున ఉంచి, వానలు పడగానే కొమ్మలు కత్తిరిస్తే మళ్లీ చిగురిస్తుంది. రెండో ఏడాదీ మీ ఇంటి కాయే తినొచ్చు!